బాక్టీరియా దాడిలో ఆకు మైటోకాండ్రియా: ఆక్సీకరణ ఒత్తిడికి దాని ప్రతిస్పందనను దశలవారీగా పరిశీలించే సమగ్ర మార్గదర్శి

బాక్టీరియా సోకిన ఆకును డీఏబీ అనే రంగు రసాయనపు ద్రావణంలో నానబెడితే కొన్ని గంటల్లో గోధుమరంగు మచ్చలు తేలుతాయి. ఆ మచ్చల ఫోటో పెట్టి, కింద "మైటోకాండ్రియాలో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగింది" అని రాసే అలవాటు విద్యార్థి నివేదికల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ మచ్చ చెప్పేది ఆకులో ఎక్కడో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నదని మాత్రమే. అది కణకవచం దగ్గర పుట్టిందో, హరితరేణువులోనో, పెరాక్సిసోమ్‌లోనో, మైటోకాండ్రియాలోనో ఆ రంగు చెప్పలేదు. మైటోకాండ్రియా గురించి మాట్లాడాలంటే మైటోకాండ్రియాలోనే కొలవాలి, అదీ సరైన సమయంలో కొలవాలి. ఈ మార్గదర్శిలోని ప్రతి దశా ఈ రెండు షరతుల చుట్టూ అల్లినదే. ఎంఎస్సీ ప్రాజెక్టు చేస్తున్నవారినీ, పరిశోధన మొదలుపెట్టినవారినీ, ప్రయోగశాల నడిపే అధ్యాపకులనూ దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

ముందుగా తెలిసి ఉండవలసినది

బాక్టీరియా వల్ల కలిగే ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నాము గాని, దానికి కారణమైన చర్యాశీల ఆక్సిజన్ రూపాల్లో (సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివాటిలో) అత్యధిక భాగాన్ని తయారుచేసేది మొక్కే. బంగాళాదుంప దుంపలలో ఇవి ఒక్కసారిగా వెలువడటాన్ని, అంటే ఆక్సీకరణ విస్ఫోటాన్ని, జపాన్ శాస్త్రజ్ఞుడు డోకే 1983లో మొదట నివేదించారు. పరిశోధనల్లో నమూనాగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్ ఆకులో జరిగే క్రమం ఇప్పుడు బాగా తెలుసు. బాక్టీరియా కశాభంలోని 22 అమైనో ఆమ్లాల ముక్కను, అంటే ఎఫ్‌ఎల్‌జీ22ను, కణపు ప్లాస్మాత్వచం మీది ఎఫ్‌ఎల్‌ఎస్2 గ్రాహకం పట్టుకుంటుంది. అది బీఏకే1తో జతకట్టి, బీఐకే1 అనే కైనేజ్ ద్వారా ఆర్‌బీఓహెచ్‌డీ అనే ఆక్సిడేజ్ ఎంజైమును ఉత్తేజపరుస్తుంది. ఆ ఎంజైమ్ కణం వెలుపల సూపర్ ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. సూపర్ ఆక్సైడ్ త్వచాలను సులభంగా దాటలేదు. దాని నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం పీఐపీ1;4 వంటి ఆక్వాపోరిన్ల, అంటే త్వచంలోని నీటిదారి ప్రోటీన్ల, గుండా కణద్రవ్యంలోకి ప్రవేశిస్తుంది. ఈ తొలి విస్ఫోటం కొన్ని నిమిషాల్లో మొదలై, 10 నుంచి 15 నిమిషాల మధ్య శిఖరాన్ని చేరి, గంటలోపు చల్లారుతుంది.

రెండో విస్ఫోటం వేరు. బాక్టీరియా తన టైప్ 3 స్రావవ్యవస్థ, అంటే సూదిలాంటి నిర్మాణం, ద్వారా కణంలోకి పంపిన ప్రభావక ప్రోటీన్లలో ఒకదాన్ని మొక్కలోని నిరోధక ప్రోటీను గుర్తుపట్టినప్పుడే అది వస్తుంది. గంటల తరబడి నిలుస్తుంది, చాలాసార్లు అతిసున్నితత్వ ప్రతిచర్యతో, అంటే ఆ చోటి కణాల మరణంతో ముగుస్తుంది. మైటోకాండ్రియా తన అసలు పాత్ర పోషించేది ఈ రెండో ఘట్టంలోనే. పొగాకు మొక్కలపై 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో మైటోకాండ్రియా లోపలి సూపర్ ఆక్సైడ్ విస్ఫోటం కణమరణం జరిగిన మొక్క-బాక్టీరియా జోడీలోనే కనిపించింది. రక్షణ మేల్కొన్నా కణాలు చావని జోడీలో అది కనిపించలేదు. ఆ విస్ఫోటంతో పాటు మైటోకాండ్రియాలో సూపర్ ఆక్సైడ్‌ను తొలగించే మాంగనీస్ సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైము చురుకుదనం పడిపోయింది. అంటే మైటోకాండ్రియా బయటి నుంచి వచ్చిన దెబ్బను ఊరకే భరించడం లేదు. తన సొంత రక్షణను సడలించి తానే సూపర్ ఆక్సైడ్‌ను పోగుచేస్తున్నది. ఈ విషయం మనసులో ఉంటే కింద చెప్పబోయే ప్రతి కొలతనూ ఏ సమయంలో తీసుకోవాలో తనంతట తానే తేలుతుంది.

మొదటి దశ: మొక్క, బాక్టీరియా, పోలిక సమూహాలు

అరబిడాప్సిస్ కొలంబియా-0 రకాన్ని 8 నుంచి 10 గంటల పగటి వెలుతురులో, సుమారు 22 డిగ్రీల సెల్సియస్ వద్ద 4 నుంచి 5 వారాలు పెంచాలి. పగలు తక్కువగా ఉంటే పూత ఆలస్యమై ఆకులు వెడల్పుగా ఎదుగుతాయి. పూకాడ లేచిన మొక్కను వాడకూడదు, ఎందుకంటే ముదిరే ఆకులో శ్వాసక్రియా, సాలిసిలిక్ ఆమ్లమూ రెండూ ముందే మారి ఉంటాయి.

బాక్టీరియాగా సూడోమోనాస్ సిరింజే పాథోవార్ టొమాటో డీసీ3000ను తీసుకోవాలి. దానికి రిఫాంపిసిన్ నిరోధకత ఉంది కనుక మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల రిఫాంపిసిన్ కలిపిన కింగ్స్ బీ మాధ్యమంలో 28 డిగ్రీల వద్ద పెంచవచ్చు. ఇక్కడ ఒక చిన్న పని మొత్తం ప్రయోగాన్ని కాపాడుతుంది. ఈ బాక్టీరియా ఇనుము కొరవడిన మాధ్యమంలో పయోవర్డిన్ అనే పసుపుపచ్చ పదార్థాన్ని స్రవిస్తుంది. ఆ పదార్థం 400 నానోమీటర్ల దరిదాపు కాంతికి ప్రకాశిస్తుంది. మనం తరువాత వాడబోయే ఆక్సీకరణ సూచిక కూడా 405 నానోమీటర్ల వద్దే ఉత్తేజితమవుతుంది. అందువల్ల కణాలను సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు దించి, పైద్రవం పారబోసి, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంతో కనీసం రెండుసార్లు కడగాలి. కడిగిన ద్రావణంలో ఇంకా పసుపు ఛాయ కనిపిస్తే మళ్ళీ కడగాలి.

పోలిక సమూహాల విషయంలో పొదుపు పనికిరాదు. ఉత్త మెగ్నీషియం క్లోరైడ్ ఒకటి, ఎఫ్‌ఎల్‌జీ22 ఒకటి, టైప్ 3 స్రావవ్యవస్థ పనిచేయని హెచ్‌ఆర్‌సీసీ మ్యూటెంట్ ఒకటి, మామూలు డీసీ3000 ఒకటి, ఏవీఆర్‌ఆర్‌పీఎం1 జన్యువు మోసే డీసీ3000 ఒకటి, అంటే మొత్తం ఐదు ఉండాలి. హెచ్‌ఆర్‌సీసీ మ్యూటెంట్ తొలి విస్ఫోటాన్ని మాత్రమే కలిగిస్తుంది. మామూలు రకం దాన్ని అణచివేయడానికి ప్రయత్నిస్తుంది. ఏవీఆర్‌ఆర్‌పీఎం1 ఉన్న రకాన్ని కొలంబియా-0లోని ఆర్‌పీఎం1 ప్రోటీను వ్యవస్థ గుర్తుపట్టి, కొన్ని గంటల్లోనే కణమరణానికి దారితీస్తుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే మైటోకాండ్రియాలో వచ్చిన మార్పు సాధారణ రక్షణకు చెందినదో, వ్యాధికి చెందినదో, మరణానికి చెందినదో విడదీయగలం. వీటికి తోడు మైటోకాండ్రియా తప్పకుండా స్పందించే సమూహంగా 50 మైక్రోమోలార్ యాంటీమైసిన్-ఏ చల్లిన మొక్కలు కావాలి. ఆ రసాయనం మైటోకాండ్రియా ఎలక్ట్రాన్ రవాణా గొలుసులోని మూడో సంక్లిష్టాన్ని అడ్డగిస్తుంది. అయితే అది హరితరేణువులోని చక్రీయ ఎలక్ట్రాన్ ప్రవాహాన్ని కూడా తాకుతుంది. వెలుతురులో చేసే ప్రయోగమైతే మిక్సోథయాజోల్‌తో కూడా సరిచూడటం మంచిది.

రెండో దశ: ఆకులోకి ఎక్కించడం

డీసీ3000 తన కొరొనాటిన్ విషంతో మూసుకున్న పత్రరంధ్రాలను మళ్ళీ తెరిపించగలదు. పైన చల్లితే ఏ కణానికి ఎప్పుడు బాక్టీరియా చేరిందో తెలియదు. కాలాన్ని కొలిచే ప్రయోగానికి సూది లేని 1 మిల్లీలీటరు సిరంజితో ఆకు కింది తలం నుంచి ఎక్కించడమే సరైనది. సిరంజి మూతిని కింది తలానికి ఆనించి, పైన వేలు అడ్డం పెట్టి, మెల్లగా నొక్కితే ద్రావణం కణాల మధ్య ఖాళీల్లోకి పాకుతుంది. తడిసిన భాగం ముదురు ఆకుపచ్చగా, పాక్షికంగా పారదర్శకంగా కనిపిస్తుంది. ఆ అంచును మార్కరుతో సన్నగా గుర్తించాలి. గట్టిగా నొక్కితే సిరంజి మూతి ఆకారంలో గుండ్రటి గాయం పడుతుంది, ఆ గాయమే ఆక్సీకరణ రూపాలను పుట్టిస్తుంది.

600 నానోమీటర్ల వద్ద కాంతిసాంద్రత 0.2 ఉన్న ద్రావణంలో మిల్లీలీటరుకు సుమారు 10 కోట్ల కణాలు ఉంటాయి. కణమరణం చూడటానికి 0.02 నుంచి 0.1 మధ్య తీసుకోవచ్చు. బాక్టీరియా పెరుగుదల లెక్కించే ప్రయోగానికి 0.2 ద్రావణాన్ని వెయ్యిరెట్లు పలుచన చేయాలి. ఈ రెండు మోతాదులనూ కలగాపులగం చేసి పోల్చకూడదు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. నీటితో నిండిన ఆకులో ఆక్సిజన్ వ్యాపనం బాగా మందగిస్తుంది, మైటోకాండ్రియా మొదట స్పందించేది ఆ ఆక్సిజన్ కొరతకే. తడి మచ్చ ఆరిపోవడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఆ లోపల తీసిన మైటోకాండ్రియా కొలతల్లో బాక్టీరియా ప్రభావమెంతో నీటి ప్రభావమెంతో విడదీయాలంటే మెగ్నీషియం క్లోరైడ్ సమూహాన్ని ప్రతి సమయంలోనూ విడిగా కొలవడం తప్ప మార్గం లేదు. పైగా గాలిలో తేమ మరీ ఎక్కువగా ఉంటే డీసీ3000 తన హాప్ఎం1, ఏవీఆర్ఈ ప్రభావకాలతో ఆకును తానే తడిపి ఉంచుతుంది. అందుకే మొక్కలను మూతపెట్టిన ట్రేలలో వదిలేయకూడదు. అన్ని సమూహాలకూ తేమ ఒకే స్థాయిలో ఉంచాలి, ఎక్కించడం కూడా ప్రతిసారీ పగటిపూట ఒకే వేళకు జరగాలి.

నమూనాలు 0, 15 నిమిషాలు, 1, 3, 6, 12, 24 గంటల వద్ద తీసుకుంటే రెండు విస్ఫోటాలూ, తరువాతి పరిణామమూ చిక్కుతాయి. ఒకే మొక్క నుంచి తెంపిన నాలుగు ఆకులు నాలుగు స్వతంత్ర నమూనాలు కావు. వేర్వేరు సమయాల్లో విత్తిన కనీసం మూడు విడతల మొక్కలు ఉండాలి.

మూడో దశ: కణం వెలుపలి విస్ఫోటం, రంగు పరీక్షలు

4 మిల్లీమీటర్ల ఆకు బిళ్ళలను రాత్రంతా నీటిమీద తేల్చి ఉంచితే కోత గాయం వల్ల కలిగిన అలజడి సద్దుమణుగుతుంది. మరునాడు లూమినాల్, పెరాక్సిడేజ్, 100 నానోమోలార్ ఎఫ్‌ఎల్‌జీ22 కలిపి వెలువడే కాంతిని ప్లేట్ రీడర్‌లో 45 నిమిషాలు చదవాలి. ఈ వక్రరేఖ సరిగ్గా రాకపోతే తరువాతి దశలకు వెళ్లడంలో అర్థం లేదు, ఎందుకంటే మొక్కలు అప్పటికే వేరే ఒత్తిడిలో ఉన్నట్టు లెక్క.

డీఏబీ రంగుకు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ద్రావణం, 4 నుంచి 8 గంటల సమయం కావాలి. సూపర్ ఆక్సైడ్‌కు ఎన్‌బీటీ నీలిరంగు వాడతారు. తరువాత ఆకును ఇథనాల్, ఎసిటిక్ ఆమ్లం, గ్లిజరాల్ 3:1:1 మిశ్రమంలో మరిగించి హరితాన్ని తొలగించాలి. కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని లేని కళాశాలలో ఈ పరీక్షలు తప్పకుండా చేయదగినవే. వీటి నుంచి ఆకులో ఏ ప్రాంతం, ఏ గంటలో స్పందించిందో తీసుకోవచ్చు. ఏ కణాంగం స్పందించిందో మాత్రం తీసుకోకూడదు.

నాలుగో దశ: మైటోకాండ్రియా లోపలికి చూడటం

ఈ పనికి నేడున్న సాధనాల్లో మైటోకాండ్రియా మాతృకలోకి, అంటే లోపలి ద్రవభాగంలోకి, పంపిన ఆర్‌ఓజీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1 సూచికనే నేను అన్నిటికంటే ముందు ఉంచుతాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ పెరిగినప్పుడు ఓఆర్‌పీ1 ఆక్సీకరణం చెంది, ఆ మార్పును ప్రకాశించే ప్రోటీనుకు అందిస్తుంది. ఆక్సీకరణ పెరిగితే 405 నానోమీటర్ల ఉత్తేజంతో వచ్చే కాంతి పెరుగుతుంది, 488తో వచ్చేది తగ్గుతుంది. రెండింటి నిష్పత్తినే చదువుతాం కనుక ఒక కణంలో ప్రోటీను ఎక్కువా ఇంకొక కణంలో తక్కువా ఉన్నా ఫలితం చెదరదు. గ్లూటాథయోన్ స్థితి కావాలంటే ఆర్‌ఓజీఎఫ్‌పీ2-జీఆర్‌ఎక్స్1 సూచికను వాడాలి. ఇవి జన్యుమార్పిడి మొక్కలు కనుక పెంచడానికి ముందు సంస్థలోని జీవభద్రతా సంఘం అనుమతి తీసుకోవాలి.

పని క్రమం ఇది. సూచిక ఉన్న మొక్కకూ, సూచిక లేని కొలంబియా-0 మొక్కకూ ఒకే విధంగా ఎక్కించాలి. ప్రతి సమయంలోనూ ఆకు ముక్కను కింది తలం పైకి వచ్చేలా స్లైడు మీద నీటిలో అమర్చి, 405, 488 లేజర్లను ఒకదాని తరువాత ఒకటిగా వాడి, 505 నుంచి 530 నానోమీటర్ల మధ్య వెలువడే కాంతిని సేకరించాలి. కణకవచంలోని ఫినాల్ పదార్థాలు 405 వద్ద తామే ప్రకాశిస్తాయి. కణమరణం సమీపిస్తున్న కొద్దీ ఆ ప్రకాశం పెరుగుతుంది, సరిగ్గా మనం ఆక్సీకరణ పెరగాలని ఎదురుచూసే గంటలోనే పెరుగుతుంది. అందుకే 405 ఉత్తేజంతో 430 నుంచి 470 మధ్య కాంతిని కూడా విడిగా నమోదుచేసి, సూచిక లేని మొక్క ఆధారంగా ఆ వాటాను తీసివేయాలి. ఈ దిద్దుబాటు లేని బొమ్మను నమ్మలేము.

చివర్లో ప్రతి విడతలోనూ కొన్ని ముక్కలను క్షయకరణం చేసే 20 మిల్లీమోలార్ డీటీటీలోనూ, మరికొన్నిటిని 100 మిల్లీమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనూ ఉంచి కనిష్ఠ, గరిష్ఠ నిష్పత్తులను రాబట్టాలి. మన నమూనా ఆ రెండింటి మధ్య ఎక్కడ నిలిచిందన్నదే అసలు ఫలితం. ఆరోగ్యంగా ఉన్న కణపు మాతృకలో సూచిక దాదాపు పూర్తిగా క్షయకరణ స్థితిలో ఉంటుంది. అక్కడ గ్లూటాథయోన్, థయోరెడాక్సిన్ వ్యవస్థలు సూచికను ఎప్పటికప్పుడు వెనక్కు తెస్తుంటాయి. కాబట్టి నిష్పత్తి పెరిగిందంటే పెరాక్సైడ్ ఉత్పత్తి పెరిగి ఉండవచ్చు, లేదా దాన్ని శుభ్రం చేసే శక్తి తగ్గి ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీసేది ఆరో దశ.

జన్యుమార్పిడి మొక్కలు దొరకనివారు మైటోసాక్స్ రెడ్ రంగును వాడుతారు. అది ధనావేశం ఉన్న రంగు, మైటోకాండ్రియా త్వచశక్మం, అంటే త్వచానికి ఇరువైపులా ఉండే విద్యుత్ తేడా, వల్లే లోపలికి లాగబడుతుంది. త్వచశక్మం పడిపోతే రంగు లోపలికి తక్కువ వెళ్తుంది, లేదా బయటికి కారి కేంద్రకంలోని డీఎన్‌ఏకు అతుక్కుని ఎర్రగా మెరుస్తుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా సూపర్ ఆక్సైడ్ కొలత తప్పుతుంది. దీన్ని వాడేటప్పుడు పక్కనే అదే వయసు ఆకులో టీఎంఆర్‌ఎం రంగుతో త్వచశక్మాన్ని కూడా కొలవాలి, కేంద్రకంలో ఎరుపు కనిపించిన కణాలను లెక్కలోంచి తీసేయాలి.

ఐదో దశ: శ్వాసక్రియ దారి మళ్లిందా

మొక్క మైటోకాండ్రియాకు క్షీరదాల వంటి జంతువులలో లేని వెసులుబాటు ఒకటి ఉంది. ఎలక్ట్రాన్ రవాణా గొలుసులోని యుబిక్వినాల్ నుంచి ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఎలక్ట్రాన్లను నేరుగా ఆక్సిజన్‌కు అందించి నీరు చేస్తుంది. ఈ దారిలో మూడో, నాలుగో సంక్లిష్టాలు పంపే ప్రోటాన్లు ఉండవు, ఏటీపీ నష్టపోతుంది. ప్రతిఫలంగా గొలుసులో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఆక్సిజన్ మీదికి పొర్లి సూపర్ ఆక్సైడ్ కావడం తగ్గుతుంది. నిండిన చెరువుకు కట్ట తెగకుండా అలుగు పారడం వంటిదే ఇది. డీసీ3000 సోకిన అరబిడాప్సిస్‌లో ఈ ఎంజైమ్ పెరుగుతుందని 1999లోనే చూపించారు. మొక్కల శ్వాసక్రియలో ఈ దారి విలువను అర్థం చేసుకోవడంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఎ.ఎస్. రాఘవేంద్ర, కె. పద్మశ్రీ బఠాణీ ఆకుకణాల ప్రోటోప్లాస్టులపై చేసిన కృషికి స్థానం ఉంది. మామూలు దారిని యాంటీమైసిన్-ఏతో, ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ దారిని ఎస్‌హెచ్‌ఏఎం అనే నిరోధకంతో విడిగా మూసి, కిరణజన్యసంయోగక్రియకు మైటోకాండ్రియా ఇచ్చే ఆసరాను వారు పరిశీలించారు.

కొలవడానికి క్లార్క్ రకపు ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ చాలు. గాలితో సంతృప్తమైన నీటిలో 25 డిగ్రీల వద్ద ఆక్సిజన్ సుమారు 250 మైక్రోమోలార్ ఉంటుంది. దాన్ని పై గుర్తుగా, సోడియం డైథయోనైట్ కలిపిన నీటిని సున్నాగా పెట్టుకోవాలి. ఆకును సన్నని ముక్కలుగా కోసి, ఎలక్ట్రోడ్ పాత్ర మొత్తాన్ని నల్లగుడ్డతో కప్పి, చీకటిలో స్థిరమైన వేగం వచ్చేదాకా ఆగాలి. ఆ తరువాత ఒక నమూనాకు నాలుగో సంక్లిష్టాన్ని ఆపే 1 మిల్లీమోలార్ పొటాషియం సయనైడ్ చేర్చి మిగిలిన శ్వాసను చదవాలి, దాని మీద ఎస్‌హెచ్‌ఏఎం చేర్చి మళ్ళీ చదవాలి. ఇంకొక నమూనాకు ఈ క్రమాన్ని తలకిందులు చేయాలి. సయనైడ్‌కు లొంగక, ఎస్‌హెచ్‌ఏఎంకు లొంగిన భాగమే ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ సామర్థ్యం. సామర్థ్యం అనే మాటనే వాడాలి, ఎందుకంటే నిరోధకాలు లేనప్పుడు ఆ దారిలో నిజంగా ఎంత ప్రవాహం ఉందో ఈ పద్ధతి చెప్పదు. దానికి ఆక్సిజన్ ఐసోటోపుల విచక్షణను కొలిచే పరికరాలు కావాలి. ఎస్‌హెచ్‌ఏఎం పెరాక్సిడేజ్‌లను కూడా తాకుతుంది, పైగా బాక్టీరియా సోకిన ఆకులో పెరాక్సిడేజ్‌లు విస్తారంగా ఉంటాయి. అదే దారిని మూసే మరో నిరోధకం ఎన్-ప్రొపైల్ గాలేట్‌తో కొన్ని నమూనాలను సరిచూసుకోవాలి.

బాక్టీరియా కూడా శ్వాసిస్తుందన్న సంగతి మరువరాదు. 24 గంటల నాటికి డీసీ3000 సంఖ్య పెరిగిన ఆకులో ఆక్సిజన్ వినియోగంలో దాని వాటా కూడా కలుస్తుంది. అందుకని ఎలక్ట్రోడ్ కొలతలను నేను 12 గంటల లోపు సమయాలకే పరిమితం చేస్తాను.

సయనైడ్‌తో పనిచేసేవారు ఒక్క విషయంలోనూ ఏమరుపాటు చూపకూడదు. తటస్థ ద్రావణంలో అది హైడ్రోజన్ సయనైడ్ వాయువుగా లేచిపోతుంది. అందువల్ల వాయువును లాగే హుడ్ కిందే కలపాలి, మూసిన ఎలక్ట్రోడ్ పాత్రలోకే సూక్ష్మసిరంజితో చేర్చాలి, ఆమ్లం దరిదాపుల్లో ఉండకూడదు, వ్యర్థాన్ని క్షారద్రావణంలో విడిగా సేకరించి సంస్థ నియమాల ప్రకారమే అప్పగించాలి. ప్రయోగశాలలో ఒంటరిగా ఈ పని చేయకూడదు.

ఆరో దశ: ఎంజైముల సాక్ష్యం

మాతృకలోని అకోనిటేజ్‌లో ఇనుము-గంధకం గుచ్ఛం ఉంటుంది. సూపర్ ఆక్సైడ్ తాకగానే అందులోని ఒక ఇనుము పరమాణువు ఊడిపోయి ఎంజైమ్ ఆగిపోతుంది. ఫెర్రస్ ఇనుము, డీటీటీ కలిపితే అది మళ్ళీ పనిచేస్తుంది. తీసిన వెంటనే ఉన్న చురుకుదనాన్ని, పునరుద్ధరించాక వచ్చిన చురుకుదనంతో పోల్చితే ఎంత భాగం ఆక్సీకరణ వల్ల దెబ్బతిన్నదో తెలుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ కూడా అకోనిటేజ్‌ను ఆపుతుంది. అప్పుడు పోగుపడే సిట్రేట్ ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ జన్యువును మేల్కొల్పుతుంది కనుక అదీ ఈ కథలో భాగమే. మాంగనీస్ సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను జెల్‌లో ఎన్‌బీటీ పద్ధతితో చూడవచ్చు. సయనైడ్‌కూ, పెరాక్సైడ్‌కూ లొంగనిదే ఆ పట్టీ. ఆ పట్టీ పలచబడి, అకోనిటేజ్ పడిపోయి, సూచిక నిష్పత్తి పెరిగి ఉంటే శుభ్రపరిచే శక్తి తగ్గిందని చెప్పడానికి తగిన ఆధారం ఉంటుంది.

పెర్కాల్ ప్రవణతతో శుద్ధిచేసిన మైటోకాండ్రియా కావాలంటే పదుల గ్రాముల ఆకు కావాలి. సిరంజితో అంత ఆకుకు ఎక్కించడం సాధ్యపడదు. మైటోకాండ్రియా బాహ్యత్వచం మీద హెచ్‌ఏ అనే చిన్న పెప్టైడు ముద్ర ఉన్న మొక్కల నుంచి అయస్కాంత పూసలతో కొద్ది నిమిషాల్లో మైటోకాండ్రియాను పట్టే పద్ధతి 2020లో వచ్చింది. చిన్న నమూనాలకు అదే అనువైనది.

ఏడో దశ: కేంద్రకానికి చేరే కబురు

మైటోకాండ్రియాలో తేడా వస్తే కేంద్రకంలో జన్యువులు మారుతాయి. అరబిడాప్సిస్‌లో ఈ కబురును మోసేది ప్రధానంగా ఏఎన్‌ఏసీ017 అనే ప్రోటీను. మామూలు సమయంలో ఈ ప్రోటీను అంతర్జీవద్రవ్యజాలం త్వచానికి కట్టుబడి ఉంటుంది. మైటోకాండ్రియా ఇబ్బందిలో పడినప్పుడు అది తెగి, కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను మేల్కొల్పుతుంది. దీని సంగతి 2013లో తేలింది. ఆర్‌ఎన్‌ఏ తీసి, క్వాంటిటేటివ్ పీసీఆర్‌తో ఏఓఎక్స్1ఏ (ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ జన్యువు), యూపాక్స్, ఓఎం66 జన్యువులను కొలవాలి. రక్షణ జన్యువులుగా ఎఫ్‌ఆర్‌కే1ను తొలి గంటకూ, పీఆర్1ను 24వ గంటకూ పెట్టుకోవాలి. ఎఫ్‌ఆర్‌కే1 పెరిగి ఏఓఎక్స్1ఏ కదలకపోతే మొక్క బాక్టీరియాను గుర్తించిందని, మైటోకాండ్రియా ఇంకా కలత చెందలేదని అర్థం. ఆక్సిజన్ కొరతకు కూడా ఏఎన్‌ఏసీ017 స్పందిస్తుంది కనుక రెండో దశలో చెప్పిన తడి మచ్చ జాగ్రత్త ఇక్కడ మరింత అవసరం.

ఎనిమిదో దశ: ఆకారం, మరణం

మైటోకాండ్రియాలో జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా ప్రకాశించే ప్రోటీను ఉన్న మొక్క బాహ్యచర్మాన్ని చూస్తే ఆరోగ్యవంతమైన కణంలో అవి సుమారు ఒక మైక్రోమీటరు చుక్కలుగా, పొట్టి కడ్డీలుగా, యాక్టిన్ తీగల వెంట చకచకా పరుగులు తీస్తుంటాయి. ఆక్సీకరణ ఒత్తిడి ముదిరినప్పుడు అవి ఉబ్బి గుండ్రబడతాయి, పరుగు మందగిస్తుంది, హరితరేణువుల పక్కన గుంపులు కడతాయి. నిశ్చల చిత్రం కంటే రెండు నిమిషాల వీడియో ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే కదలిక ఆగడాన్ని ఫోటోలో చూడలేము. మరణాన్ని లెక్కించడానికి ట్రిపాన్ బ్లూ రంగును, ఆకు బిళ్ళల నుంచి కారే అయాన్ల విద్యుద్వాహకతను గంటగంటకూ వాడాలి. కొలవవలసిన అసలు సంగతి వరుసక్రమం. సూచిక నిష్పత్తి, త్వచశక్మం, ఆకారం, అయాన్ల కారుదల, వీటిలో ఏది ముందు మారిందో ఒకే కాలరేఖ మీద గీయాలి. కారుదల మొదలయ్యాక కనిపించే మైటోకాండ్రియా మార్పు మరణపు ఫలితమే కావచ్చు, దాన్ని కారణంగా రాయకూడదు.

తొమ్మిదో దశ: కారణమా, ఫలితమా

ఇంతవరకూ చేసినదంతా సహసంబంధం. కారణాన్ని తేల్చేవి మ్యూటెంట్లు. ఆర్‌బీఓహెచ్‌డీ లేని మొక్కలో తొలి విస్ఫోటం ఉండదు. అయినా 3 నుంచి 6 గంటల మధ్య మాతృకలో ఆక్సీకరణ కనిపిస్తే అది లోపలే పుట్టిందన్న వాదన బలపడుతుంది. ఏఓఎక్స్1ఏ లేని మొక్క మామూలు పరిస్థితుల్లో ఆరోగ్యంగానే కనిపిస్తుంది కనుక పోలికకు బాగుంటుంది. ఏఎన్‌ఏసీ017 లేని మొక్క కబురు దారిని పరీక్షిస్తుంది. రెండో సంక్లిష్టంలో, అంటే సక్సినేట్ డీహైడ్రోజనేజ్‌లో లోపమున్న మ్యూటెంట్ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. 2011లో వర్ణించిన ఆ మొక్కలో మైటోకాండ్రియా నుంచి వచ్చే చర్యాశీల ఆక్సిజన్ తగ్గింది, మొక్క కొన్ని శిలీంధ్రాలకూ బాక్టీరియాకూ మరింత లొంగింది. మైటోకాండ్రియా పుట్టించే కొద్దిపాటి పెరాక్సైడ్ రక్షణకు అవసరమని ఇది చెబుతున్నది. దాన్ని పూర్తిగా తుడిచేయడాన్ని ఆరోగ్యంగా భావించడం పొరపాటు.

బాక్టీరియా వైపు నుంచి కూడా ఒక మ్యూటెంట్ తీసుకోవాలి. సూడోమోనాస్ ప్రభావకాల్లో హాప్‌జీ1 నేరుగా మైటోకాండ్రియాకే వెళ్తుందనీ, అది మొక్కలో ఉంటే శ్వాసక్రియ తగ్గి, చర్యాశీల ఆక్సిజన్ స్థాయి మారి, రక్షణ అణగారుతుందనీ 2010లో చూపించారు. రోగకారకం ఒక ప్రభావకాన్ని ప్రత్యేకంగా ఈ కణాంగానికే పంపుతున్నదంటే మొక్క రక్షణలో దాని స్థానం ఎంతటిదో ఊహించవచ్చు. హాప్‌జీ1 లేని డీసీ3000ను మరో పోలిక సమూహంగా చేర్చితే ఫలితాల చదువు చాలా స్పష్టమవుతుంది.

వరిలో చేయదలిస్తే

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు సహజమైన రంగం వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు, దాని కారకం జాంథోమోనాస్ ఒరైజే పాథోవార్ ఒరైజే. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, దీనికి బాగా లొంగుతుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరిలో ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులు ఉన్నాయి. ఈ రెండు రకాలను జోడీగా తీసుకోవాలన్న ఆలోచన వెంటనే తడుతుంది. ఆరంభ పరిశీలనకు అది మంచిదే. అయితే మూడు జన్యువుల పనితీరు మూడు రకాలు. ఎక్స్‌ఏ21 బాక్టీరియా పెప్టైడును గుర్తించే గ్రాహకం, ఎక్స్‌ఏ13 చక్కెర రవాణాదారుకు, ఎక్స్‌ఏ5 జన్యు అనులేఖన యంత్రాంగానికి చెందినవి. మైటోకాండ్రియాలో తేడా కనిపిస్తే దాన్ని ఒక జన్యువుకు ఆపాదించలేము. ఆ పని కోసం ఐఆర్24నూ, ఎక్స్‌ఏ21 ఒక్కటే ఉన్న ఐఆర్‌బీబీ21నూ తీసుకోవాలి.

ఈ తెగులుకు అలవాటైన పద్ధతి ఆకు కొసను బాక్టీరియాలో ముంచిన కత్తెరతో కత్తిరించడం. మచ్చ పొడవు కొలవడానికి అది సరిపోతుంది, కాలాన్ని కొలవడానికి సరిపోదు, ఎందుకంటే బాక్టీరియా నీటినాళాల వెంట మెల్లగా దిగుతుంది. ఒకే క్షణంలో అన్ని కణాలకూ సంకేతం అందాలంటే లేత ఆకులో కింది తలం నుంచి సిరంజితోనే ఎక్కించాలి. వరి ఆకు గట్టిది, సిలికా ఉన్నది కనుక ద్రావణం మధ్యఈనెకు ఇరువైపులా సన్నని చారగానే పాకుతుంది. ఆ చారను మాత్రమే కోసి తీసుకోవాలి. అరబిడాప్సిస్‌కు చెప్పిన రంగు పరీక్షలు, ఆక్సిజన్ ఎలక్ట్రోడ్, అకోనిటేజ్, అయాన్ల కారుదల కొలతలు వరిలో కూడా చేయవచ్చు. సమయాలను మాత్రం అరబిడాప్సిస్ నుంచి అరువు తెచ్చుకోకూడదు. జాంథోమోనాస్ నెమ్మదిగా పెరిగే బాక్టీరియా, కనుక 48, 72 గంటల నమూనాలను కూడా చేర్చి, మొదటి విడతలో కాలరేఖను కొత్తగా గీసుకున్న తరువాతే మిగతా కొలతలకు వెళ్లాలి. వాడిన ఆకులు, ద్రావణాలు, మట్టి అన్నిటినీ 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేసిన తరువాతే బయటికి పంపాలి, చుట్టుపక్కల వరి పొలాలున్న ప్రాంగణాలలో ఈ నియమాన్ని ఒక్కసారి కూడా సడలించకూడదు.